అక్కగార్ల రాయి దగ్గర చెప్పులు

అక్కగార్ల కోన క్యాంపు,
18 ఫిబ్రవరి 2024.

పంకజాక్షి అక్కకు,

నీ తమ్ముడు మునస్వామి బతికే ఉన్నాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మిగతాది నింపాదిగా చదువుతావు.

ఈ అడవిలో ఫోను ఎత్తి పట్టుకుంటే కొండముచ్చులు నవ్వుతాయి తప్ప సిగ్నలు రాదు. శుక్రవారం బియ్యం, పప్పు తెచ్చే జీపే మాకు పోస్టుమాన్. నాతో పాటు ఉండే ఫారెస్టు వాచరు ఢిల్లీబాబు నన్ను చూసి, "ఈ కాలంలో జాబులు రాసేది నువ్వూ, లాయర్లూనన్నా" అంటాడు.

ఆకు రాలడం మొదలైంది. ఇక వాన పడేదాకా మాకు అగ్గి భయమే. అడవి మధ్యలో ఆకులన్నీ ఊడ్చి వెడల్పుగా బాటలు తీస్తున్నాం. మంట అక్కడిదాకా వచ్చి తిండి లేక ఆగిపోవాలి. ఆగేటట్టు లేకపోతే ఇవతలి నుంచి మేమే నిప్పు పెట్టి దానికి ఎదురు పంపిస్తాం. ఎదురగ్గి అంటాం దాన్ని. రెండూ కలుసుకున్న చోట రెండూ చస్తాయి.

అగ్గి కంటే మనుషులతోనే నాకు ఎక్కువ తంటా. తిరుపతి నుంచి కాలేజీ పిల్లలు వస్తారు, మడుగు లోతు చూడకుండా దూకుతారు. పోయిన నెల ఒకణ్ణి జుట్టు పట్టి బయటికి లాగితే, కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "నా ఫోను యాడ?" అని.

కోన మొదట్లో ఏడుగురు అక్కదేవతల రాయి ఉంది. అది దాటాక చెప్పులతో నడవకూడదని పూర్వం నుంచి కట్టడి. ఎంత తాగి వచ్చినవాడైనా అక్కడ చెప్పులు విడవందే ముందుకు అడుగెయ్యడు. కాబట్టి పొద్దు వాలేటప్పుడు మేం పోయి ఆ రాయి దగ్గర చూస్తాం. చెప్పులుంటే లోపల మనుషులున్నట్టు, లేకపోతే కోన ఖాళీ. ఆఫీసువాళ్ళు టిక్కెట్ల పుస్తకం ఇచ్చారు గానీ, టిక్కెట్టు లేకుండా చెట్ల సందున దూరేవాళ్ళే ఎక్కువ. నాకు చెప్పుల మీదే నమ్మకం.

ఇన్నేళ్ళయింది, నా ఉద్యోగం ఎట్లా ఉంటుందో మీ ఇంటి నుంచి ఒక్కరూ వచ్చి చూడలేదు. భానుచందర్‌కు మేనమామంటే పెళ్ళిలో బట్టలు పెట్టేవాడేనా? నేను అలిగానని వాడికి చెప్పు.

నీ తమ్ముడు,
మునస్వామి


నగరి,
27 ఫిబ్రవరి.

నాయనా మునస్వామీ,

నీ జాబు మగ్గం దగ్గరే నిలబడి చదివాను. చదువుతూ ఉంటే పోగులు తెగి నేస్తున్న లుంగీలో సందు పడింది. సేటు తిడితే నీ పేరే చెబుతాను.

నీ అలక చేరాల్సినవాడికి చేరింది. కానీ వాడిప్పుడు భాను కాదు, స్వామి. మూడు నెలలు మగ్గాలకు నూలు లేక ఊరికే కూర్చున్నాం చూడు, అప్పుడు మొక్కుకున్నాడట. పని మళ్ళీ మొదలు కాగానే గోవింద మాల వేసుకున్నాడు. పసుపు పంచె, తులసి మాల, నేల మీద పడక. కాళ్ళకు చెప్పుల్లేవు. కన్నతల్లిని, నేను కూడా వాణ్ణి స్వామీ అనే పిలవాలట. "ఒరే భానూ" అంటే గోడ వైపు చూస్తాడు. "స్వామీ, పాలు తెండి" అంటే లేస్తాడు. ఈ ఉపాయం ముందే తెలిస్తే వాడికి చిన్నప్పుడే మాల వేసి ఉండేదాన్ని.

నవ్వులాటకు అంటున్నాను గానీ, ఇంట్లో వాడు దీపం పెట్టి గోవింద కొడుతుంటే మీ బావ పోయినప్పటి నుంచి లేని నిమ్మళం వచ్చింది నాకు. మాల తీసేలోపల మీ కోనకు వచ్చి అక్కగార్లకు కర్పూరం వెలిగించి, నిన్ను చూసి వస్తానంటున్నాడు. ఎప్పుడని అడిగితే, "సామి యెప్పుడు పిలిస్తే అప్పుడు" అంటాడు. ఆ సామి ఎవరో, నువ్వో దేవుడో తెలీదు.

మాల తీసే రోజుకని వాడికి తోలు చెప్పులు కొనిపెట్టాను. ఇన్నాళ్ళు వట్టికాళ్ళతో తిరిగితే పాదాలు వెడల్పవుతాయని ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. వాడికి చూపించలేదు.

వేళకు తిను. ఒళ్ళు చేశానని నువ్వు రాస్తే నమ్మేదాన్ని కాను.

మీ అక్క


క్యాంపు,
10 మార్చి.

అక్కా,

స్వామిగారికి మామ దండం పెట్టాడని చెప్పు. వచ్చేది నిజంగా చాలా సంతోషం. ఢిల్లీబాబు అప్పుడే వంటరాళ్ళు కడిగి, "సామికి ఉల్లిగడ్డ లేకుండా సాంబారు నేను చేస్తా" అంటున్నాడు. వాడి సాంబారు తిన్నాక ఇంక వేరే దీక్ష అక్కర్లేదు.

రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పు. మధ్యాహ్నానికి బండలు పెనంలాగా కాలుతున్నాయి. చెప్పుల్లేని కాళ్ళు, పొద్దున్నే ఎక్కేయాలి. ఇంకోటి, ఒంటరిగా రావద్దు, శుక్రవారం జీపులో రమ్మను. ఎర్రచందనం దొంగల కోసం పోలీసులు కొండ చుట్టూ తిరుగుతున్నారు. అరవదేశం సరిహద్దు నుంచి మూట పట్టుకుని ఒక్కడే వచ్చాడంటే నారదుణ్ణయినా నిలబెట్టి అడుగుతారు.

మొన్న చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పాచి మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ను దుప్పట్లో మోసుకొచ్చాం. దారి పొడుగునా మాకే జాగ్రత్తలు చెప్పాడు, "మెల్లిగ నడవండబ్బా, పడతారు" అని.

మునస్వామి


క్యాంపు,
21 మార్చి.

అక్కా,

కొమ్మలు పట్టి కొట్టి చేతులు వాచిపోయాయి, అక్షరాలు వంకరపోతే సర్దుకో. మంగళవారం ఇక్కడ పెద్ద అగ్గి పడింది.

పొద్దెక్కాక పడమటి కొండ మీద పొగ లేచింది. బీడీ ముక్కో, మేకలవాళ్ళ పొయ్యో, ఎవరికి తెలుసు. గాలి మా వైపే. పచ్చి కొమ్మలతో కొట్టాం, ఊడ్చిన బాట దగ్గర ఆగుతుందనుకున్నాం, దూకేసింది. కోన అవతలి నుంచి దిగుతోంది, దాటితే ఇవతలి అడవంతా పోతుంది. కింద రెండు ఊళ్ళున్నాయి.

రేంజరు వైర్‌లెస్‌లో అడిగాడు, "మునస్వామీ, కోనలో ఎవురన్నా ఉండారా, సూసి చెప్పు" అని. అక్కగార్ల రాయి దగ్గరికి పరుగెత్తాను. ఒక్క చెప్పు లేదు. అయినా లోపలికి తిరిగి రెండుసార్లు కేక వేశాను. మంట చప్పుడుకు నా కేక నాకే వినపడలేదు. "కోన ఖాళీ సార్" అని చెప్పాను. ఎదురగ్గి పెట్టాం.

కోన సగం కాలింది గానీ ఇవతలి అడవి నిలిచింది, ఊళ్ళు నిలిచాయి. ఒక్క ప్రాణానికి హాని లేదు. రేంజరు వచ్చి నా భుజం తట్టాడు అక్కా. ఈ ఉద్యోగంలో నన్ను మెచ్చుకున్నది ఇదే మొదలు. నువ్వు చూసి ఉంటే బాగుండుననిపించింది.

భాను ఇంకా రాలేదు. రాకపోవడమే మంచిదైంది. దారికి అడ్డంగా మానులు పడ్డాయి, రేపు జీపు కూడా రాదంటున్నారు. వాణ్ణి కొన్నాళ్ళు ఆగమను.

మునస్వామి


నగరి,
22 మార్చి.

మునస్వామీ,

ఏం, మేనల్లుడు చేరగానే అక్కను మరిచిపోయారా ఇద్దరూ? మంగళవారం తొలి బస్సుకు బయలుదేరాడు. శుక్రవారం జీపు దాకా ఆగమంటే విన్నాడా? "మామకు చెప్పకుండా పోయి యెనక నుంచి కండ్లు మూస్తా" అని నవ్వుతూ పోయాడు. స్వామి నవ్వకూడదు కదరా అంటే ఇంకా నవ్వాడు.

ఫోను చేస్తే మోగడం లేదు. మీ దగ్గర సిగ్నలు లేదని తెలుసు కాబట్టి నేనేమీ గాభరా పడలేదు. నాలుగు రోజులు నీ దగ్గరే ఉంచుకో. మగ్గాల చప్పుడు లేని చోట వాడు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

చిత్రాన్నం కట్టిచ్చిన స్టీలు డబ్బా మా పెళ్ళినాటిది. మూత మీద నా పేరు చెక్కి ఉంటుంది. అడవిలో వదిలేసి రావద్దని చెప్పు. టీవీలో ఎక్కడో శేషాచలంలో మంటలని చూపించారు, మీ వైపు కాదు కదా?

మీ అక్క


క్యాంపు,
30 మార్చి.

అక్కా,

దారి బాగు చేసి నిన్న జీపు వచ్చింది. పంపాల్సిన నా జాబు ఇంకా జేబులోనే ఉంది, నీది చేతికిచ్చారు. చదివి అదే జీపులో కిందికి దిగి నీకు ఫోను చేశాను. "భాను ఇంటికొచ్చినాడా?" అని అడిగాను. నువ్వు "నీ కాడ లేడా?" అన్నావు. ఆ తర్వాత నీ ఏడుపు విని ఫోను పెట్టేశాను. నాకు చేతకాలేదు.

21న రాసిన జాబు చింపలేదు. దాని వెనక వైపే ఇది రాస్తున్నాను. ముందు వైపు చదువు. అందులో రాసింది ఇంకోసారి రాసే శక్తి నాకు లేదు.

వాడు అసలు కోనకు రాలేదేమో. తిరుపతిలో దిగి స్నేహితులతో ఇంకెక్కడికైనా పోయాడేమో. దేవుడా, అట్లా అయితే చాలు. నేనూ ఢిల్లీబాబూ ఇవాళ తెల్లారగానే కోనలో దిగాం. మసిలో మోకాళ్ళ దాకా దిగబడుతోంది. పేరు పెట్టి పిలుస్తున్నాను. ఇప్పుడు మంట లేదు, కేక బాగానే వినపడుతోంది.

మునస్వామి


నగరి,
6 ఏప్రిల్.

మునస్వామీ,

మొన్న అడవి గేటు దాకా వచ్చాను. నీకు ఎవరూ చెప్పి ఉండరు. "అగ్గి పడిన అడివమ్మా, ఎవుర్నీ పంపేది లేదు" అని నిలిపేశారు. పొద్దుగూకే వరకు అక్కడే కూర్చున్నాను. నువ్వు లోపల వెతుకుతున్నావట. ఇద్దరి మధ్య ఒక గేటే అడ్డం, దాన్ని తీసే నాథుడు లేడు.

తర్వాత పోలీసు స్టేషనుకు పోయాను. అక్కడాయన ఫోటో చూసి, "నగరి పిల్లోడు ఒక్కడే అడివిలోకి యాల పోతాడమ్మా? ఎర్రచందనం మేస్త్రీ యెవుడన్నా తోలుకోని పోయింటాడు. నాలుగు దినాలకు మద్రాసులో తేలతాడు" అన్నాడు. మాలలో ఉన్నాడయ్యా అంటే, "మాలేసుకునే గదమ్మా వాళ్ళూ వచ్చేది" అన్నాడు. నా బిడ్డను దొంగ అన్నా, ఆ ఒక్క నిమిషం నాకు ప్రాణం లేచివచ్చింది. దొంగైతే బతికుంటాడు కదా.

ఆయన ఇంకో మాట చెప్పాడు. అటవీశాఖవాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఆ రోజు కోనలోకి ఎవరూ పోలేదని ఉందట. నీ సంతకం ఉందట. వాడు నీ మేనల్లుడని ఎక్కడా లేదట. ఎందుకు చెప్పలేదు మునస్వామీ? ఉద్యోగం పోతుందనా? అట్లా అయితే ఆ మాట నాకైనా చెప్పు.

నువ్వు పేరు పెట్టి పిలుస్తున్నానని రాశావు. వాడు మాలలో ఉన్నాడు, భానూ అంటే పలకడు. స్వామీ అని పిలువు. యాడున్నా పలుకుతాడు.

పంకజాక్షి


క్యాంపు,
14 ఏప్రిల్.

అక్కా,

స్వామీ అని పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను.

సంతకం నాదే, మంట ఆరిన మర్నాడు పెట్టింది. అప్పుడు నాకు తెలిసింది అంతే. మార్చి 22న నువ్వు రాసిన జాబు చూశాక రేంజరు దగ్గరికి పోయి అంతా చెప్పాను. మేనల్లుడని, మాలలో ఉన్నాడని, చెప్పుల్లేని మనిషని. రేంజరు చెడ్డవాడు కాదు, చాలాసేపు తల పట్టుకున్నాడు. "రాసింది పైకి పోయింది మునస్వామీ. లోపల మనిషుండాడని రుజువు తీస్కరా, నేను మళ్ళా రాస్తా" అన్నాడు.

రుజువు దొరికింది. మడుగుకు పైన, మనిషి చేతులతో పాకితే తప్ప ఎక్కలేని బండ సందులో నీ డబ్బా ఉంది. మసి తుడిస్తే మూత మీద నీ పేరు. మూత తీయలేదు, చిత్రాన్నం అట్లాగే ఉన్నట్టుంది, బరువుగా ఉంది. దానికి పైన నిలువు బండ. కింద మా దగ్గరున్న తాళ్ళతో దిగలేని లోయ. ఢిల్లీబాబు నడుముకు తాడు కట్టుకుని దిగబోతే బండ పెళ్ళలు ఊడిపడ్డాయి, నేనే పైకి లాగేశాను.

ఆ డబ్బా నేనే పరుగెత్తుకుంటూ తీసుకుపోయి రేంజరుకు ఇచ్చాను. ఇక మనుషులను, తాళ్ళను పంపిస్తారని నా ఆశ. పోలీసులు దాన్ని తీసుకుని ఇంకో రకంగా రాశారు. మనిషి లోపలికి పోయినమాట నిజమైతే, కర్పూరం వెలిగించి అడవికి నిప్పు పెట్టింది వాడే, భయపడి పరారయ్యాడు అని. వాడి మీద కేసు కట్టారు అక్కా. మంట పడమటి కొండ మీద మొదలవడం నేను కళ్ళారా చూశాను, డబ్బా దొరికింది తూర్పున అని చెప్పాను. "కోన ఖాళీ అని గూడా నువ్వే గదా చెప్పినావు" అన్నాడు ఆ స్టేషనాయన.

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకు పోయి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. డబ్బా ఇవ్వకుండా ఉంటే వాడు లోపలికి పోనట్టు. ఇచ్చాను కాబట్టి నేరస్థుడు. పరారైనవాణ్ణి లోయలో ఎవరు వెతుకుతారు? వెతకడం ఆపెయ్యమని ఆర్డరు వచ్చింది. నీ డబ్బా కూడా కేసులో ఉండిపోయింది.

నన్ను తిట్టు అక్కా. నువ్వు తిట్టకుండా రాసిన జాబు చదవలేకపోతున్నాను.

మునస్వామి


నగరి,
23 ఏప్రిల్.

మునస్వామీ,

నిన్ను తిట్టాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నీ మొదటి జాబు తీసి చదువుతాను. చెప్పులుంటే మనుషులున్నట్టు, లేకపోతే ఖాళీ అని నాకు ముందే రాశావు. వాడికి చెప్పుల్లేవని నేను నీకు రాశాను. చెప్పుల్లేని కాళ్ళు, పొద్దున్నే ఎక్కమను అని నువ్వు మళ్ళీ నాకు రాశావు. ఇద్దరం చదువుకున్నాం, ఇద్దరం నవ్వుకున్నాం. ఒక్కరికీ తట్టలేదు. నిన్ను తిడితే సగం తిట్టు నాకు రావాలి. నా సగం నేను మోసుకుంటున్నాను, నీది నువ్వు మోసుకో. నిన్ను క్షమించానని రాయలేను, రాస్తే అబద్ధం. కానీ నాకు తమ్ముడివి నువ్వొక్కడివే.

మాల తీసే రోజు వచ్చి పోయింది. ఆ రోజు పొద్దున స్నానం చేసి, వాకిట్లో నిలబడి గట్టిగా "ఒరే భానూ" అని పిలిచాను. ఇక పేరు పెట్టి పిలవచ్చు కదా. వీధిలోవాళ్ళు బయటికి వచ్చి చూశారు. మగ్గాలు ఆపేసి చూశారు.

నీకొక పని చెబుతున్నాను. ఈ జాబుతో పాటు జీపులో ఒక సంచి వస్తుంది. అందులో నేను వాడికి కొన్న చెప్పులున్నాయి. వాటిని తీసుకుపోయి అక్కగార్ల రాయి దగ్గర పెట్టు. వాడు పెట్టాల్సినవి, ఆలస్యమైంది అంతే. పోలీసులు ఏమన్నా రాసుకోనీ. మీ కోనలో లెక్క చెప్పుల లెక్కే కదా. ఆ జత అక్కడ ఉన్నంతకాలం లోపల నా కొడుకున్నట్టు. ఇంకొకసారి ఎవరూ ఖాళీ అని చెప్పకూడదు.

మీ అక్క
పంకజాక్షి


క్యాంపు,
12 మే.

అక్కా,

పెట్టాను. నువ్వు చెప్పినట్టే రాయి దగ్గర. దానికి కుడివైపున, ముందు వైపు కోనకు తిప్పి పెట్టాను. కొత్త తోలు కదా, కోతులు ఎత్తుకుపోతాయని ఢిల్లీబాబు చుట్టూ కంప నాటాడు.

వెతకొద్దన్నా డ్యూటీ లేనప్పుడు నేను దిగుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు. దొరకాలో వద్దో కూడా నాకు తెలియడం లేదు.

గురువారం మళ్ళీ అగ్గి పడింది, ఈసారి ఉత్తరం వైపు. చిన్నదే, కానీ గాలి ఉంది. వేరే బీటు నుంచి కొత్తగా వచ్చిన సెక్షను ఆఫీసరు ఎదురగ్గి పెడదామన్నాడు. "కోన సూసొచ్చినావా? ఖాళీనా?" అని అడిగాడు. చూసొచ్చాను సార్, ఒక జత ఉండాది, లోపల మనిషుండాడు అన్నాను. ఎవరతను అన్నాడు. మా అక్క కొడుకు సార్, ఇంకా బయటికి రాలేదు అన్నాను. ఆయన ఢిల్లీబాబు వైపు చూశాడు. వాడు తల దించుకుని, "అవున్సార్, ఉండాడు" అన్నాడు. ఆయన కొమ్మలతోనే కొట్టమన్నాడు. అందరం పచ్చి కొమ్మలు విరుచుకుని పోయి, సాయంత్రం దాకా కొట్టి ఆర్పాం. నా మోచేతులు బొబ్బలెక్కాయి. ఎదురగ్గి మాత్రం పెట్టనివ్వలేదు.

రోజూ పొద్దు వాలేటప్పుడు రాయి దగ్గరికి పోతున్నాను. వచ్చినవాళ్ళందరూ తమ తమ చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు, ఆ ఒక్క జత మిగులుతుంది. వాటి మీద పడిన ఆకులు దులిపి, మళ్ళీ కోన వైపు తిప్పి పెట్టి, భానూ అని ఒకసారి, స్వామీ అని ఒకసారి పిలిచి, క్యాంపుకు వచ్చేస్తున్నాను.

నీ తమ్ముడు,
మునస్వామి